పిరాయిబా లాక్కెళ్ళిన పడవ

జుసేలియో కాలు ఒకచోట నిలవడం లేదు. సొలిమోయిస్ నది రేవులో, జులైదక్క కాఫీ బంకు ముందు అటూ ఇటూ తిరుగుతూనే చెబుతున్నాడు.

"కూరకు సరిపోతే చాలనుకుని వెళ్లా, ఒట్టు! గేలం ఇలా వేశానో లేదో తాడు బిర్రబిగుసుకుంది. మునిగిన దుంగేమో అనుకున్నా. దుంగ కదులుతుందా? ఇది కదిలింది. పిరాయిబా! వాలుగ జాతికంతటికీ తాత!"

"ఎంతుంటుందేం?" అన్నాడు లాంచీ నడిపే ఎడ్మార్.

"మీసమే నా చెయ్యంత. ఆ, చెయ్యేమిటి, ఈ బంకంత! నోరు తెరిస్తే లోపల నిలబడి చొక్కా తొడుక్కోవచ్చు. ఎదురు ప్రవాహంలో పడవను లాక్కుపోయింది. ఎన్నాళ్లో తెలుసా? మూడు రోజులు! సరిహద్దు దాటేశాం. పెరూ పోలీసులు ఒడ్డున నిలబడి కాగితాలు చూపించమంటే, 'ముందు దాన్నడగండి' అన్నా!"

అందరూ నవ్వారు. జుసేలియో మాత్రం నది వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"మరి తిండో?" అంది జులైదక్క.

"అది కక్కిన చేపల్ని ఇంజను మీద కాల్చుకు తిన్నా! చివరికి మంచుకొండల దాకా పోయాం. అక్కడ చలికి దానికి తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి పడవతో సహా ఎగిరి, ఇదిగో, ఈ రేవులోనే పడ్డా!"

"బావా," అన్నాడు వెనకనుంచి బావమరిది నివాల్డో. తెడ్లు భుజాన వేసుకుని ఎప్పటినుంచో నిలబడి ఉన్నాడు. "ఆ పడవలో నేనూ ఉన్నాగా."

నవ్వులు ఆగిపోయాయి.

"అది లాగింది నిజమే. పడవలోకి నీళ్లొచ్చాయి. నువ్వు 'అమ్మా' అని ఏడుస్తూ కత్తితో తాడు కోసేశావు. పదకొండు నెలలైంది, నువ్వు మళ్లీ పడవెక్కలేదు. ఒక్కణ్ణే వేటకెళ్లడం నా వల్ల కావట్లేదు బావా."

జుసేలియో తిరగడం మానేశాడు.

"ఏడ్చిన మాట నిజమే," అన్నాడు మెల్లిగా. "తాడు నీ కాలికి చుట్టుకుందిరా. నువ్వు నీళ్లు తోడుతున్నావు, చూసుకోలేదు. ఇంకొక్క గుంజు గుంజితే నువ్వు పోయేవాడివి."

నివాల్డో వంగి, చీలమండ చుట్టూ ఉన్న మచ్చని తడిమి చూసుకున్నాడు. పడవ అంచు గీసుకుందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"మరి ఇది చెప్పవేం?" అంది జులైదక్క.

"దీనికెవరు నవ్వుతారక్కా?"

నివాల్డో ఒక తెడ్డు తీసి అతని చేతిలో పెట్టాడు. "పద బావా. కత్తి మాత్రం నీ దగ్గరే ఉండనీ."