బింగోకు ముందు పాట

"ఆంటీ, అంకుల్ పాట ఆ క్లబ్బుల ఎట్ల పాడిండో చెప్పుర్రి అంటె ఎప్పుడూ మాట దాటేస్తరు. ఇయ్యాల చెప్పాలె. ఫోన్ల రికార్డు గూడ పెడ్తున్న."

పెట్టు, పెట్టు. అది నడుస్తున్నదా? ఆఁ. ముందుగాల ఆ చాయ్ తాగు బిడ్డా, సల్లారిపోతది. నిన్న ఆ పబ్బుల పాటలు పాడేటోళ్ళ పేర్లు రాసుకున్నరట గని, నిన్ను పిలువనే లేదట గదా. మీ అంకుల్ చెప్పిండు. గిటారు డబ్బ మెట్ల మీదనే పెట్టి, పైకి ఈ కిరాయి రూములకొచ్చి పండుకున్నవట. అన్నం గూడ తినలేదు. పప్పుచారు అట్లనే ఉన్నది, పొద్దుగాల నేనే తిన్న. అందుకనే చెప్తున్న, లేకపోతె ఈ ముచ్చట చెప్పాలంటె నాకు సిగ్గు. ఎందుకు సిగ్గో పోను పోను నీకే తెలుస్తది.

మీ అంకుల్‌కు ఈ పాటల పిచ్చి ఈ న్యూకాసిల్‌కు వచ్చినంకనే పట్టింది. మనూర్ల ఉన్నప్పుడు ఈల గూడ వేసెటోడు కాదు. ఈడ దవాఖాన ల్యాబుల నౌకరి, రక్తం పరీక్షలు చేసుడు. అదే దవాఖాన్ల ఒక పోర్టరు, ముసలాయన, మంచోడు పాపం, ఓ దినం వానల మీ అంకుల్‌ను కారెక్కించుకోని ఇంటి కాడ దించిండు. ఆ కారుల క్యాసెట్టు నడుస్తున్నదట. కంట్రీ మ్యూజిక్కు. నీకు నేను చెప్పేదేమున్నది, నువ్వూ అవే రాస్తవు. గిటారు పట్టుకోని ఒకడు తన గోస తాను చెప్పుకుంటడు, పొలం పాయె, పెండ్లాం పాయె, బండి ఖరాబాయె అనుకుంట. ఈయన తడిసిన కోటు గూడ ఇడువకుంట వంటింట్లకొచ్చి, "ఇగో, ఈ పాటలల్ల కథ ఉన్నదే" అన్నడు. నేను తాలింపు వేస్తున్న. ఏం కథ, అంతా ఏడుపే గదా అన్న.

నన్ను అట్లనే పిలుస్తడు, "ఇగో" అని. పెండ్లైన కాంచి అంతే. ఆ సంగతికి మల్ల వస్త, యాది చెయ్యి.

ఇగ గిటారు కొన్నడు. చారిటీ షాపుల పాతది, ఒక తీగ లేదు దానికి. అప్పట్ల ఈడ బియ్యం మూటకు ఇచ్చే పైసలల్ల గిటారే వచ్చింది, నాకు మండింది. మా బిడ్డ మాధవి చిన్నది అప్పుడు, చెవులు మూసుకునేది. మెల్ల మెల్లగ నేర్చుకున్నడు, ఇంగ్లీషుల పాటలు రాసుడు మొదలుపెట్టిండు. ఏం పాటలనుకున్నవ్? అన్నిట్ల విస్కీ ఉంటది. ఈయన దగ్గు మందు తాగడానికే మొఖం అదో తీరుగ పెడ్తడు. అన్నిట్ల గుర్రం ఉంటది. పక్కింటి కుక్క మొరిగితె రోడ్డు దాటి అటు నుంచి పోయే మనిషి. ఇగ ఆడోళ్ళు. ఒక పాటల సాలీ, ఒక పాటల రోజీ. ఎవలీ సాలీ అని అడిగిన ఒకసారి. ఎవరు లేరే, పాటకు కావాలె గదా అన్నడు.

నవ్వకు. ఆయన మాత్రం మస్తు కష్టపడ్డడు. డ్యూటీ దిగినంక రాసుడు, రికార్డు చేసుడు, అమెరికా దాక పంపుడు. ఒక్కలన్న జవాబియ్యలే. ఒకసారి మాంచెస్టర్‌కు రైలెక్కి పోయిండు, పాటలు తీసుకోని పాడేటోళ్ళకు ఇప్పించే ఆఫీసట. పెండ్లికి కుట్టిచ్చిన సూటేసుకోని పోయిండు, బొత్తాము పెట్టుకోనీకె రాలేదు గని. ఆడ కూసున్నాయన సగం పాట ఇని, మర్యాదగనే అడిగిండట, నువ్వెప్పుడన్న పొలం చూసినవా అని. ఏం చెప్పాలె బిడ్డా. వీళ్ళ నాయినకు జమ్మికుంట దగ్గర పత్తి చేను. బడికి పోయే ముందు పత్తి ఏరిన మనిషి ఈయన, చేతులు గీరుకపోయేటియట. ఆ మాట ఆయనకు చెప్పరాలే. సూటు ఏసుకున్నంక ఎట్ల చెప్పుదునే అన్నడు ఇంటికొచ్చి. నాకు శాన కోపమొచ్చింది. ఎవల మీదనో గూడ తెలువని కోపం.

ఇగ క్లబ్బు. నువు చూసినవ్ గదా, బస్సెక్కితె ఆఖరి స్టాపు. ఒకప్పుడు బొగ్గు బాయి ఊరది, బాయి మూతపడ్డది, క్లబ్బు మిగిలింది. ఐతారం ఐతారం సాయంత్రం కంట్రీ పాటలు. నెత్తి మీద ఇంత పెద్ద టోపీలు, నడుముకు పళ్ళెమంత బిళ్ళ బెల్టులు. పొద్దుగాల చూస్తె బస్సు నడిపేటాయన, పొద్దుమూకితె కౌబాయి. అంతా మంచోళ్ళే. గని ఒక్కటి, పాట తెలిసిన పాటే కావాలె. నలభై ఏండ్ల సంది ఇన్న పాటలే ఇంటరు. కొత్త పాట రాసిన అంటె, పోయి టీ తెచ్చుకుంటరు. పాట నడుస్తుంటెనే మాట్లాడుకుంటరు గూడ. ఆ హాలు సప్పుడు లేకుంట ఉండేది ఎప్పుడంటె, బింగో అప్పుడే, మన తంబోలా ఆట అసొంటిదే. బింగో నంబర్లు సదివేటప్పుడు దగ్గినా ఊకోరు. బిల్లీ అని ఒక పెద్దమనిషి, స్టేజీ మీద ఎవలు ఎప్పుడు పాడాల్నో చెప్పేది ఆయనే, బింగో సదివేది ఆయనే. మైకుల "ఆర్డర్ ప్లీజ్" అంటడు, ఇగ అందరు గప్‌చుప్.

మీ అంకుల్ ఎన్నిసార్లు అడిగిండో ఆ బిల్లీని. ఆఖరికి ఒక ఐతారం ఒక పాట పాడుమన్నడు. ఈయన గుర్రం పాట ఎత్తుకున్నడు, ఆ సాలీ ఉండే పాట. ఎవలూ ఇనలేదు. రెండో చరణం సగంల బిల్లీ వచ్చి భుజం మీద చెయ్యేసి, సారీ దోస్తు, బింగో టైమైందన్నడు. తప్పు ఆయనది గాదు, టైమైంది మరి. మీ అంకుల్ నవ్వుకుంటనే దిగిండు. ఇంటికొచ్చి గిటారు అల్మారి మీద పెట్టిండు. చారిటీ షాపుల కొన్నదాన్ని చారిటీ షాపుకే ఇచ్చేద్దామే అన్నడు. ఇయ్యాల పొద్దుగాల నీ మొఖం చూస్తె నాకు ఆ దినమే యాదికొచ్చింది, నిజంగ.

ఇల్లు సప్పగైంది బిడ్డా. అన్నేండ్లు ఆ టింగుటింగు బందయితె బాగుండనుకున్నదాన్ని, బందయినంక నాకే ఏం తోచలే. టీవీ ముందు కూసునేటోడు, ఏమొస్తున్నదో గూడ చూసేటోడు కాదు.

మరి ఎట్ల మారిందంటె, నా కుచ్చులతోని. నేను మనోళ్ళ చీరె కొంగులకు కుచ్చులు కడ్త గదా, ఫాల్ కుడ్త. ఆ క్లబ్బుల డొరీన్ అని ఒకామె ఉన్నది, ఆడ అందరి కంటె బాగ పాడేది ఆమెనే. ఆమె అంగీ చేతులకు తోలు కుచ్చులుండె, ఊడిపొయ్యినయ్. నేను కట్టిచ్చిన. ఇగ చూడు, రెండు వారాలల్ల సగం క్లబ్బు మా ఇంటికొచ్చింది అంగీలు పట్టుకోని. ఆయన ఏండ్ల కొద్ది తలుపు కొట్టిన కాడ నేను సూది పట్టుకోని ఊకెనే లోపలికి పోయిన. ఈ మాట అంటె ఇప్పటికీ ఉడుక్కుంటడు. నా పేరు వాళ్ళ నోట్ల తిరుగదని నేనే పొట్టిగ చేసి ఆనీ అని చెప్పిన. అందరికి ఆనీనే.

డొరీన్ ఒకనాడు అంగీ కొలత ఇయ్యనీకె వచ్చి, అల్మారి మీద గిటారు చూసింది. పాడుమని కూసున్నది, లేవదు. ఈయన పాడిండు, ఒకటి రెండు. ఆమె కండ్లు మూసుకోని ఇన్నది. అయినంక అడిగింది, నీ రాగం బాగున్నది గని ఈ సాలీ ఎవలు, నీ పెండ్లాం ముంగట కూసోని ఉండంగ అని. పాటకు కావాలె గదా అన్నడు ఈయన. పాటల మొగడు పెండ్లాం పేరు వెట్టి పిలువాలె, ఇంట్ల ఆమెను ఏమని పిలుస్తవు అన్నది. ఈయన, పిలిచే పని పడలేదు, ఆమె ఇంట్లనే ఉంటది అన్నడు.

డొరీన్ ఎంత నవ్విందో. నేనూ నవ్విన గని, లోపల జర కలుక్కుమన్నది. ఎందుకంటె నిజం గదా. మా కాలంల మొగడు పెండ్లాం పేరు పెట్టి పిలిస్తె మా అత్తమ్మ ఎగాదిగా చూసేది. ఆయన నా పేరు చెప్పింది ఒక్కటేసారి, పెండ్లినాడు. కొత్త కోడలితోని ఇంటికొస్తె ఆడిబిడ్డలు గడప కాడ చేతులు అడ్డం పెట్టి పేర్లు చెప్పిస్తరు చూడు, మీ అక్క పెండ్లిల చేసిండ్రు గదా? ఆఁ, అదే. నాకు ఆకలి, పొద్దటి సంది ఉపాసం, నేను టక్కున ఆయన పేరు చెప్పిన, గట్టిగ. ఈయన చెవులు ఎర్రగయి నోట్లనే అన్నడు. ఇనపడలే, ఇనపడలే అని వాళ్ళ అక్కలు వట్టిగ సతాయించిండ్రు. మా అత్తమ్మ వచ్చి, చాలు తియ్యి, పిల్లకు కాళ్ళు గుంజుతున్నయ్ అని లోపలికి రానిచ్చింది. అట్ల నేను గూడ సరిగ ఇననే లేదు నా పేరు ఆయన నోట్ల.

డొరీన్ పోయినంక గిటారు కిందికి దిగింది. ఏం రాస్తున్నడో నాకు చెప్పలే. మూడు నాలుగు వారాలైనంక డొరీన్ బిల్లీతోని మాట్లాడి, నా టైముల ఆయన పాడుతడు అన్నది. బింగోకు ముందు ఒకటే పాట.

ఆ ఐతారం వచ్చింది. ఇంకోసారి ఆయనను సగంల దింపితె ఇగ మనిషి లేవడు, నాకు తెలుసు. పులిహోర చేసి డబ్బ పట్టుకపోయిన, అదేదో లంచమిచ్చినట్టు. నా ముంగట బింగో పుస్తకం, చేతుల నంబర్ల మీద గుర్తు పెట్టే రంగు పెన్ను. ఈయన స్టేజీ ఎక్కిండు, సూటు లేదు, ఊరికే స్వెటరు. మొదలుపెట్టిండు. జనం మాటలు జనానివే. పాటల ఒక గడప ఉన్నది, అక్కలు చేతులు అడ్డం పెట్టిండ్రు, పేరు చెప్తెనే లోపలికి రానిస్తమన్నరు అని. ఇది మా గడపనే గదా అనుకున్న. రెండో చరణంల, ఆ తర్వాత శాన తలుపుల కాడ నిలవడ్డ, పత్తి ఏరిన చేతులతోని కొట్టిన, ఎవలు తియ్యలేదు అని వస్తది. అప్పుడు బిల్లీ లేచిండు. గడియారం చూసుకుంట స్టేజీ దిక్కు పోయి, తన మైకు చేతుల పట్టుకున్నడు. అయిపాయె అనుకున్న. రంగు పెన్ను మూత తీసిన, ఆయన మొఖం చూడలేక.

బిల్లీ మైకుల, "ఆర్డర్ ప్లీజ్. మనిషి పాడుతున్నడు" అన్నడు.

హాలంత గప్‌చుప్. బింగోకు అయినట్టె అయింది. ఆ సప్పుడు లేని హాలుల మీ అంకుల్, అప్పుడు నోట్ల అన్న పేరు ఇప్పుడు గట్టిగ అంట అని, "అనసూయా" అన్నడు. పూర్తిగ. సాగదీసి. మూడుసార్లు వస్తది పాటల. మొదటిసారి ఎవలకూ తెలువలే, రెండోసారి డొరీన్ నా దిక్కు చెయ్యి చూపిచ్చింది, నేను కుచ్చులు కట్టిన అంగీలన్నీ ఇటు తిరిగినయ్. నేను బింగో పుస్తకం మొఖానికి అడ్డం పెట్టుకున్న. సిగ్గయ్యింది. ఏడుపొచ్చింది. పెండ్లైనంక అంత సంతోషం ఎప్పుడన్న అయిందో లేదో తెల్వదు. ఆయన పాట పూర్తిగ పాడి దిగిండు సూడు, నా పానం అప్పుడు నిమ్మలమైంది. ఆ దినం బింగో ఆలస్యమైంది, ఒక్క ముసలాయనే గులిగిండు. నాకు ఏం రాలే బింగోల. పుస్తకమంత రంగు కారి ఖరాబైంది.

ఆ పాటనే డొరీన్ రికార్డు చేసింది. దానికి గూడ ఒక అడ్డం వచ్చింది, అయిపోతలేదు చూడు. రికార్డు తీసేటాయన ఫోన్ చేసి, పాట మంచిగున్నది, ఆ పేరు ఒక్కటి మార్చుదాం, జనానికి తెలిసిన పేరు పెడదాం అన్నడు. నేను పక్కనే చిక్కుడుకాయ తుంచుతున్న. ఫోన్ పెద్దగ పెట్టి ఉన్నది, నాకు అంతా ఇనపడుతున్నది. మార్చుమంటడేమో అనుకున్న, అంటె నేనేం అనేదాన్ని కాదు, అన్నేండ్ల ఆశ గదా. మీ అంకుల్ మెల్లగనే చెప్పిండు, "నా సాలీలను రోజీలను మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి. ఈ పేరు చెప్తెనే నాకు తలుపు తెరిచిండ్రు. ఇది మారదు." డొరీన్ గూడ అదే మాట మీద నిలవడ్డది. రెండు దినాలు ఫోన్ రాలే. మూడో నాడు సరే అన్నరు. మా చిక్కుడుకాయ కూర ఆ దినం ఉప్పు లేకుంటనే తిన్నం, ఇద్దరికీ తెలువలే.

ఏందీ? నేనిప్పుడు అంకుల్ పేరు చెప్పాల్నా? భలేదానివి. నేను గడప కాడనే చెప్పిన, అందరికి ఇనపడేటట్టు. నా వంతు అప్పుడే అయిపోయింది.

నువు మల్ల పోవాలె బిడ్డా ఆ పబ్బుకు. నిహారిక అని మీ అమ్మానాయిన అంత మంచి పేరు పెడితె, నిక్కీ అని రాసిచ్చినవట. పూర్తిగ రాయి. వాళ్ళకు నోరు తిరుగకపోతె తిప్పుకుంటరు, క్లబ్బుల అందరు ఇప్పుడు నన్ను అనసూయ అనే అంటరు, బిల్లీ జర వంకరగ అంటడు గని. నేనొస్త నీతోని, వెనుక కుర్చీల కూసుంట. పులిహోర తెస్త.

అగో, ఇన్నవా కింద నుంచి? "ఇగో, చాయ్ అయిందా" అంట. పాటల తప్ప నోట్ల రాదు ఆ పేరు. రాకున్నా మంచిదే, వద్దు, రోజూ అంటె నేను తట్టుకోలేను. ఆఁ, వస్తున్న... సల్లగుండు బిడ్డా, నీ పాట ఆఖరి దాక ఇనేటోళ్ళు దొరకాలె నీకు. ఇగ లే, ఆ గిటారు మెట్ల మీద నుంచి తియ్యి, ఆయన చూసుకోకుంట కాలు పెడ్తడు...