తురీ అంటే

"పికీ! పికీ!"

అదిగో, మా అమ్మమ్మ నన్నే పిలుస్తోంది. ఇక్కడే ఉన్నానే! ఉండండి సిస్టర్, దుప్పటి అలా లాగెయ్యకండి. ఆవిడ కాలి మీద ఆ బొబ్బ నేనూ చూశాను. చూశాను కాబట్టేగా కప్పి పెట్టాను.

ఎవరు చేశారంటే ఏం చెప్పను? వేడినీళ్ళ సంచి పెట్టింది మీ ఆయా. ఉంచమన్నది నేను.

కోప్పడకండి. పక్షవాతం వచ్చాక ఆవిడకి మనందరం మాట్లాడే భాష తుడిచిపెట్టుకుపోయింది, మీకు తెలుసుగా. పుట్టినప్పటి మాటలే మిగిలాయి. అవి మాట్లాడే మా ముసలాళ్ళంతా ఒక్కొక్కళ్ళే రాలిపోయారు. "మీకొచ్చా?" అని చిన్న డాక్టరుగారు అడిగితే వచ్చన్నాను. "అయితే ఇక మిగిలింది మీరిద్దరేనన్నమాట!" అన్నారు, కళ్ళు ఇంతింత చేసుకుని.

నవ్వకండి సిస్టర్. కాజాలు కుట్టుకునే పిల్లని, నన్నెవరు అలా చూశారు? నేల మీద కాళ్ళు ఆనితే ఒట్టు! ఆయన వచ్చే వేళకి జడ మళ్ళీ అల్లుకునేదాన్ని. ఆవిడ ఏదో అనేది. నేను ఇటు తిరిగి "నిద్ర బాగా పట్టిందట", "మీ చెయ్యి చల్లగా ఉందట" అని తియ్యతియ్యగా చెప్పేదాన్ని. సగం ఊహ. సగమా? అబ్బే, ముప్పాతిక.

నా దగ్గరున్న మాటలేంటో తెలుసా? తిను, పడుకో, దా, ఏడవకు. పసిపిల్లతో అనేవి. ఆ పైన నేర్పబోతే నేనే చెవిన పడనివ్వలేదు. బస్సులో ఆవిడ నోరు విప్పిందంటే మోచేత్తో పొడిచేదాన్ని, "అందరూ చూస్తున్నారే, ఊరుకోవే" అని. ఊరుకుంది పాపం. నాతో కూడా ఊరుకుంటే ఇంకెవరితో మాట్లాడుతుంది చెప్పండి?

నిన్న సంచి పెట్టగానే "తురీ, తురీ" అంది. నాకు తెలిసిన మాటే! ఎంత సంబరపడ్డానో. చిన్నప్పుడు పాలగ్లాసు అందిస్తూ అనేది. "హాయిగా ఉందట, ఉంచండి" అన్నాను. ఆవిడ అంటూనే ఉంది. నేనూ "అవునే, తురీ, తురీ" అంటూ చెయ్యి నిమురుతూ కూర్చున్నాను. కళ్ళనీళ్ళు కారుతుంటే నా మీద ప్రేమనుకున్నాను.

సంచి తీశాక గానీ తట్టలేదు. గ్లాసు ఇచ్చేముందు ఊదేది సిస్టర్. ఊది ఊది అప్పుడనేది "తురీ" అని. కాలుతుంది, జాగ్రత్త అని.

ఏంటీ, పెద్ద డాక్టరుగారు వస్తున్నారా? నొప్పి ఎక్కడో నన్నడిగి, దాన్నిబట్టి మందు మారుస్తారా?

వెనకాల చిన్న డాక్టరుగారు కూడానా... సరే, ఉండనీండి. ఆయనా వినాలి.

రండి సార్. నన్నేమీ అడక్కండి, నేనే చెప్తాను. కాలుతోందే అని ఆవిడ మొత్తుకుంటుంటే హాయిగా ఉందని చెప్పింది నేను. నాకీ భాష రాదు సార్. అదిగో, మళ్ళీ ఏదో అంటోంది. ఏమంటోందో నాకు తెలీదు.