నల్లటి అద్దంలో నీటిలవంగం: భాగ్య మేడం గారి పదవీ విరమణ వేళ

1993 ఆగస్టు పదహారవ తేదీ, సోమవారం నాడు శ్రీమతి తాళ్లపల్లి భాగ్య గారు వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా సిరిసిల్లలో ఉద్యోగంలో చేరారు. ఆ ఉదయం పెగడపల్లిలోని వారి ఇంట్లో ఒక పువ్వు గురించి గొడవ జరిగిందని ఆమె తల్లి భూమవ్వ గారు ఇప్పటికీ చెబుతారు. బిడ్డ మొదటిసారి ఉద్యోగానికి పోతున్నదని ఆమె జడలో పచ్చగన్నేరు పువ్వు పెట్టారు. అప్పుడే కల్లు కోసం తాళ్లు గీసి ఇంటికొచ్చిన తండ్రి హన్మండ్లు గారు మోకు భుజం మీద నుంచి దింపకుండానే గుమ్మంలో ఆగిపోయారు.

"కాలేజికి పోతాందా, కొండగట్టు జాతరకు పోతాందా? తియ్యి ఆ పువ్వు!"

"పూల సదువు సదివిన పిల్ల నెత్తిల పువ్వు పెట్టుకోకుంటె తాటికమ్మ పెట్టుకుంటదా?" అన్నారు భూమవ్వ గారు.

"పిల్లలు నవ్వుతరే!"

"నవ్వనియ్యి. నవ్వినోళ్లకే ముందుగాల పాఠం జెప్తది."

అమ్మాయి పువ్వు తీయలేదు. తరగతి గదిలో పిల్లలు నిజంగానే నవ్వారు. ఆమె ఆ పువ్వును జడలోంచి తీసి, బల్ల మీద పెట్టి, దాని రేకుల గురించి మొదటి పాఠం చెప్పారు. భూమవ్వ గారు అన్న మాట అలా నిలబడింది. తీసెయ్యమన్న దాన్ని తీయకపోవడం భాగ్య గారి ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. చివరిసారి ఏదో ఈ వ్యాసం ముగిసేలోగా చెబుతాను.

ముందుగా ఒక సంగతి. ఈ ప్రత్యేక సంచికలో సహోద్యోగుల వ్యాసాలకే చోటని సంపాదక వర్గం నిర్ణయించింది. నేను కళాశాల ఉద్యోగిని కాను. బి.ఎస్సీ. చదివి, కోరుట్లలో సంసారం చేసుకుంటున్న గృహిణిని. నా పేరు చూసి అభ్యంతరం చెప్పిన వారికి మేడం ఒక్కటే జవాబిచ్చారట: "ఎండల నా పక్కన నిలవడ్డది సహోద్యోగి గాకుంటె, నీడల కూసున్నోళ్లు ఎట్లయితరు?" ఆ జవాబు వల్లనే ఈ వ్యాసం మీ చేతికి వచ్చింది. అలాగే వీడ్కోలు సభ ఆహ్వాన పత్రికలో మేడం గారి పరిశోధనను 'పూల ఫొటోల హాబీ' అని అచ్చు వేశారు. అది హాబీ కాదు. దాన్ని ఇక్కడే సరిదిద్దుతున్నాను.

సిరిసిల్లలో పదేళ్ల పైచిలుకు, జగిత్యాలలో అంతకు కాస్త తక్కువ కాలం పనిచేసి, వారు మా కోరుట్లకు వచ్చారు. ఎక్కడ ఉన్నా పిల్లలను గదిలో కూర్చోబెట్టి పటాలు గీయించడం కంటే పొలాల గట్ల మీదికి తీసుకుపోవడమే వారికి ఇష్టం. కోరుట్లకు వచ్చిన రెండో వానాకాలంలో, మడి గట్టు మీద నీటిలవంగం పూల దగ్గర ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న వారిని వదలలేదు. నాలుగు రేకులూ ఒకే పసుపు రంగులో ఉన్న ఆ పువ్వులో, తేనెటీగ ప్రతిసారీ తడుముకోకుండా సరిగ్గా నడిమికే ఎలా వాలుతున్నది? మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి తేనెటీగకు ఆనుతుందని పుస్తకాల్లో ఉంది. అయితే మన గట్ల మీది పూలు ఆ కాంతిలో ఎలా ఉంటాయో మేడం గారి చేతిలోని పుస్తకాల్లో లేదు. లేకపోతే మనమే చూద్దామన్నారు వారు.

జగిత్యాలలో కెమెరాలు బాగుచేసే జావేద్ గారి దుకాణానికి పాత కెమెరా ఒకటి పట్టుకుపోయి, లోపల ఆ కాంతిని ఆపే అద్దం తీసేయమన్నారు.

"మేడం, గా అద్దం తీస్తె ఇగ పెండ్లి ఫొటోలు పనికిరావు. రంగులన్నీ ఖరాబైతయ్."

"పెండ్లి ఎవలిది జావేద్? నాకు తేనెటీగకు అవుపడేది అవుపడాలె."

"తేనెటీగలు గిరాకీకి వస్తె నా దుకాణం సంగతేంది మేడం?" అని నవ్వుతూనే ఆయన ఆ అద్దం తీశారు. మామూలు వెలుగును ఆపి అతినీలలోహిత కాంతిని మాత్రమే లోపలికి వదిలే నల్లటి అద్దాన్ని కెమెరా ముందు బిగించారు. మొదటి చిత్రం చూసి జావేద్ గారు నవ్వడం మానేశారు. ఏకరంగు అనుకున్న నీటిలవంగం రేకుల అంచులు తెల్లగా వెలుగుతున్నాయి. నడుమ కాటుక దిద్దినట్టు నల్లటి వలయం. తేనెటీగకు దారి అది.

కోరుట్ల, ముస్తాబాదు, పెగడపల్లి, ఈ మూడు ఊళ్ల పూలను ఒక్కరు తీయలేరు కనుక ఆ కెమెరాను మేడం ఆ ఊళ్లలో ఈ పనికి ముందుకొచ్చిన ఇంటి ఆడవాళ్లకు పంపారు. వంతులవారీగా అది ముస్తాబాదుకు ఆటోలో పోయేది, పెగడపల్లికి బస్సులో వచ్చేది. తీసేవారు ముందు ఫోనుతో ఒక మామూలు ఫొటో, తర్వాత అదే పువ్వుకు నల్లటి అద్దంలో మరొకటి తీయాలి. పక్కన నల్లాలకు చుట్టే తెల్ల టేపు చుట్టిన అగ్గిపెట్టె ఉండాలి. ఏ కాంతిలోనైనా తెల్లగానే ఉండే ఆ టేపుతో పోల్చి చూస్తేనే పువ్వు ఎంత వెలుగుతున్నదో తెలుస్తుంది. ఇంతే నియమం. తీసినవారి పేరు, ఊరు చిత్రంతోపాటే ఉండాలన్నది మేడం కలిపిన మరో నియమం.

నేను ఈ పనిలోకి వచ్చింది ఒక మధ్యాహ్నం. మా ప్రహరీ బయట ఎవరో ఎండలో నిలబడి కలుపు మొక్కకు గొడుగు పట్టారు. నేను గేటు తీసి, "ఎవలమ్మా, గడ్డికి గొడుగు పడుతున్నరు?" అని అడిగాను. "గాలి ఆపుతున్న. పువ్వు ఊగితె ఫొటో పాడైతది. జర నువ్వు గా పక్కన నిలవడు బిడ్డా" అన్నారు ఆ పెద్దావిడ. నిలబడ్డాను. ఎనిమిదేళ్లు అయింది, నిలబడే ఉన్నాను.

మేడం మనసు ఎలాంటిదో తెలియాలంటే పసుపు సంగతి చెప్పాలి. పెగడపల్లి నర్సక్క గారు పంపిన ఒక చిత్రంలో నీటిలవంగం రేకు మీద మూడు నల్లటి మచ్చలు కనిపించాయి. అంతకు ముందు ఎవరి చిత్రంలోనూ లేవు. అప్పుడే నగరంలోని ఒక పరిశోధనా సంస్థ నుంచి మా చిత్రాలు చూడటానికి వచ్చిన యువ శాస్త్రవేత్త, ఇది కొత్త రకం కావచ్చని సంబరపడిపోయారు. మేడం ఫోను తీశారు.

"నర్సక్కా, పువ్వు పట్టినప్పుడు చేతికి ఏమన్న అంటిందా?"

"నాకేం అంటుతది మేడం? చేతులు కడుక్కునే పట్టిన."

"కడుక్కోకముందు ఏం జేసినవ్?"

"అల్లుడు అచ్చిండు. కోడికూరకు పసుపు వట్టిచ్చిన."

గదిలో అందరం నవ్వాం, ఒక్క శాస్త్రవేత్త తప్ప. కంటికి పసుపు రేకు మీద పసుపు మరక ఆనదు. అతినీలలోహిత కాంతిని మాత్రం పసుపు మింగేస్తుంది, అందుకే అక్కడ నల్లబడింది. మరునాడు నర్సక్క గారు ఎవరూ చెప్పకుండానే ఒక రేకుకు పసుపు వేలు అద్ది, మిగతా మూడు ముట్టకుండా మరో చిత్రం తీసి పంపారు. దాని కింద ఫోనులో రికార్డు చేసి పంపిన ఆమె గొంతు: "గిదిగో మేడం, దొంగ దొరికిండు."

ఆ సంస్థ దీన్నుంచి వేరే పాఠం నేర్చుకుంది. ఇంటి ఆడవాళ్లు తీసిన చిత్రాలు నమ్మదగినవి కావనీ, శిక్షణ పొందినవారు తీసిన వాటితోనే పరిశోధనా వ్యాసం రాద్దామనీ ప్రతిపాదించింది. మేడం ముఖం మీదే చెప్పారు: "తప్పు జేసింది నర్సక్కనే, తప్పు పట్టింది నర్సక్కనే. మీ దగ్గర తప్పు జేసినోళ్లు గిట్లనే తెచ్చి సూపిస్తరా సార్?" ఉమ్మడి వ్యాసం అక్కడితో ఆగిపోయింది. అది వెలువడి ఉంటే మేడం హోదా పెరిగేది. పెరగలేదు. దాని గురించి ఒక్కసారి కూడా వారు నా దగ్గర నిట్టూర్చలేదు.

ఈ ఏప్రిల్ ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్నారని తెలిసి, అదే సంస్థ మళ్లీ వచ్చింది. ఈసారి చిత్రాలన్నీ కావాలన్నారు, నర్సక్క గారివి కూడా. వాటిని భద్రపరిచి 'భాగ్య సేకరణ' అని పేరు పెడతామనీ, ఆ సంగతి వీడ్కోలు సభా వేదిక మీదనే ప్రకటిస్తామనీ చెప్పారు. అయితే తీసినవారి పేర్లు ఉండవు. వాటి స్థానంలో 'స్థానికుల సహకారంతో' అని ఒక మాట ఉంటుంది. అంగీకరిస్తే మేడం గారి పేరు నిలిచిపోతుంది. కాదంటే ఇన్నేళ్ల పని మళ్లీ ఆమె బీరువాలోనే ఉండిపోవచ్చు. సోమవారానికల్లా తేల్చమన్నారు.

ముందురోజు ఆదివారం మేడం ఇంట్లో భోజనానికి నన్నూ పిలిచారు. భర్త పరశురాములు గారు, కూతురు శ్వేత, ముసలితనంలోనూ మాట పదును తగ్గని భూమవ్వ గారు ఉన్నారు. పచ్చిపులుసు గిన్నె చేతులు మారుతుండగా పరశురాములు గారే మాట ఎత్తారు.

"ఒప్పుకోరాదు? జీతం తప్ప ఏం మిగులవెట్టుకున్నవ్? ఒక్కటన్న నీ పేరు మీద ఉండనియ్యి."

"అవునమ్మా," అంది శ్వేత. "ఫొటోలు తీసినోళ్లకు గూడ నీ పేరంటె గర్వమే ఉంటది. ఎవలు అడుగుతరు?"

"ఎవలు అడగరు. గదే నా బాధ" అన్నారు మేడం. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వేమంటవ్ రాధికా?"

నా పేరు కూడా ఆ పోయే పేర్లలో ఉంది. అందుకే పచ్చిపులుసు గిన్నెను శ్వేత వైపు జరిపాను. జవాబిచ్చింది భూమవ్వ గారు. మొదటి నుంచీ వినబడనట్టే తింటున్న ఆమె, చెయ్యి ఆపి అల్లుడిని చూశారు.

"నాడు మీ మామ పువ్వు తియ్యుమన్నడు. నేడు నువ్వు పేర్లు తియ్యుమంటాన్నవ్. మీ మొగోళ్లకు ఏదన్న తీసుడు తప్ప పెట్టుడు రాదా?"

పరశురాములు గారికి పొలమారింది. శ్వేత నీళ్లు అందించింది. ఆయన తేరుకునేదాకా ఆగి, మేడం ఇంకో ముద్ద కలుపుకుంటూ, కూర బాగుందని చెప్పినంత మామూలుగా చెప్పేశారు.

"రేపు వాళ్లకు ఫోన్ జేస్త. సేకరణకు నా పేరు తీసెయ్యుమంట. ఎవల పువ్వుకు వాళ్ల పేరు పెట్టుమంట. పేర్లు వద్దంటె పూలు గూడ వద్దన్నట్టే. వాన వడంగనే కెమెరా ముస్తాబాదుకు పోతది, దాని ఎనుక నేను పోత. ఇగ కాలేజి గంట గూడ లేదు నన్ను ఆపనీకి."

"పోదువు గని, గొడుగు మర్సిపోకు" అన్నారు పరశురాములు గారు.

ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఆ సంస్థ నుంచి జవాబు లేదు. కనుక సభలో ఆ ప్రకటన కోసం ఎవరూ ఎదురుచూడవద్దని మనవి. పదవీ విరమణ చేసేవారికి విశ్రాంతిని కోరడం మర్యాద. నేను కోరను, వారు తీసుకోరు. గట్లు ఎక్కే మోకాళ్లనూ, రేకు మీది మరకను పోల్చే కళ్లనూ, కాదనగల గొంతునూ కాలం వారికి చిరకాలం ఉంచాలని, మా పేర్లు పోనివ్వని మేడం కోసం మేమంతా కోరుకుంటున్నాం. మిగిలింది ఆ భోజనం దగ్గరే భూమవ్వ గారు అన్నారు. ఎంగిలి చెయ్యి అడ్డమని ఎడమ చేత్తోనే బిడ్డ తల నిమిరి, "నూరేండ్లు సల్లంగ బతుకు బిడ్డా. ఇంక శానా పూలున్నయ్" అన్నారు.