కొండకు మోసుకపోయిన బొగ్గు

ఇగో శ్రావణీ, భద్రాద్రి రాముని మీద ఒట్టు, ఇప్పుడు నేను చెప్పేదాంట్ల ఒక్క మాట అబద్ధమున్నా నాకు మిగిలిన నాలుగు పండ్లు ఇక్కడికిక్కడ రాలిపోవాలె. ఏందీ, మూడే ఉన్నయా? అమ్మమ్మ నోట్లె పండ్లు లెక్కపెట్టుడేనా నీ పని? సరే, మూడే అనుకో, ఒట్టు ఒట్టే. రేపు నువ్వూ మీ ఆయనా పిల్లల్ని తీస్కొని చింతూరు అవతల ఘాట్ రోడ్డు మీది కొండ పార్కుకు పోతున్నమన్నవ్ గదా, అప్పటి సంది మీ తాత నా నెత్తిల తిరుగుతుండు. ఆయన పోయి నలభై ఏండ్లు కావొచ్చె. ఉన్నన్నాళ్ళు నేను పిలిస్తే పలికేటోడు కాదు, ఇప్పుడేమో పిలవకుండనే వచ్చి కూసుండు.

మీ తాతది బొగ్గు బాయిల పని. నువ్వెక్కడ చూసినవ్, నువ్వు పుట్టకముందు ముచ్చట. తెల్లారకముందే టేకులపల్లి నుంచి సైకిలేసుకొని పోయేటోడు, భూమిలకు దిగేటోడు. ఏడాదికి పది మాటలు మాట్లాడేటోడు, అండ్ల తొమ్మిది "ఊఁ" అనేటివే. ఆ పదో మాట ఒకనాడు అన్నం తింటుంటె బయటపడ్డది. "ఏమే, ఘాట్ మీద పార్కుందంట. తొమ్మిది లోపు పోతె మబ్బులు మన కాళ్ళ కింద ఉంటయంట, ఎండ ముదిరితే పోతయంట. పదిహేనేండ్ల నుంచి నేనే మంది కాళ్ళ కింద తిరుగుతున్న. ఒక్కసారి ఆ మబ్బును నా కాళ్ళ కింద చూడాలని ఉంది" అన్నడు. నేను మెతుకు మింగుడు మరిచిన. గంత పొడుగు మాట మా పెండ్లిచూపులప్పుడు సుత అనలే.

ఇగ నేను సర్దుడు షురూ చేసిన. ఏం సర్దిననో అడుగు. ఇల్లొక్కటే పెట్టలే, మిగతదంతా జీపుల పెట్టిన. రోలు, రోకలి, బతికున్న కోడిపుంజు, పదిమందికి వండే గంజు, మా ముగ్గురికి! అన్నిటికన్న కింద అరబస్తా బొగ్గు, కుంపటి. జీపు జానీది, కిరాయికి మాట్లాడినం. ఆయన బస్తా పట్టి చూసి, "భీమక్కా, పోయేది అడివికి. ఆడ కట్టెలు దొరకవా?" అన్నడు. నాకు రోషమొచ్చింది. "బొగ్గు బాయోని పెండ్లాన్ని, కట్టెలేరుకొని వండుతనా? నాకు బొగ్గు మీద వండితెనే కూర కుదురుతది" అన్న. చూడు నా తెలివి! మీ తాతేమో "ఊఁ" అన్నడు.

ముందురోజు పోయి చింతూరుల ఎరికైనోళ్ళింట్ల పండుకున్నం. పొద్దుగాల ఏడున్నరకల్లా కొండ మీదున్నం. మీ అమ్మ నాగలక్ష్మికి అప్పుడు తొమ్మిదేండ్లు, జీపు ఆగంగనే దుంకి కంచె దిక్కు ఉరికింది. మీ తాత సుత రెండడుగులేసిండు. నేను ఊకున్ననా? "ఏడికి? ముందు నిప్పు చెయ్యి. తిన్నంక చూద్దువు. మబ్బు ఏడికి పోతది, దానికి కాళ్ళున్నయా?" అన్న. గదే అన్న, బిడ్డా. ఒక్క అక్షరం మార్చలే. ఆయన వెనక్కొచ్చి కుంపటి ముందట కూసుండు. మరి పచ్చి బొగ్గాయె. ఇంటికాడ అయితె వాకిట్ల పెట్టి, పొగంతా పోయి ఎర్రగయినంకనే లోపలికి తెచ్చుకుంటం. కొండ మీద వాకిలేది? ఇగ లేసింది సూడు పొగ! ఆ పొగ చూసి గోదారి అవతల వడ్లు ఆరబోసినోళ్ళు వానొస్తుందని కుప్ప చేసుకున్నరంట. ఎవరో కొత్త జంట మబ్బనుకొని నా పొగల నిలబడి ఫొటో దిగిన్రు. ఆ పిల్ల దగ్గుకుంటనే నవ్వింది. పార్కు కావలి పోతయ్య ఉరికొచ్చిండు, "వంట చేసుకునే జాగల్నే పెట్టిన్రు, నేనేమనను గానీ, తల్లీ, రైలింజను తెచ్చిన్రా ఏంది?" అని దండం పెట్టిండు.

మీ అమ్మ అక్కడ్నించి ఒకటే ఒర్లుడు. "నాయినా, రాయే! మబ్బులు నా చెప్పుల కింద ఉన్నయ్, దూది పరిచినట్టున్నయ్, రాయే!" మూడుసార్లు పిలిచింది. మూడుసార్లు ఆయన లేవబోయిండు, మూడుసార్లు నేను "నిప్పు ఆరిపోతది, విసురు" అన్న. పుంజును కోసి, మసాలా నూరి, కూర దించేవరకు పది దాటింది. అప్పుడు పోయిండు, చేతుల విసనకర్ర అట్లనే ఉంది. నేనూ కొంగు తుడుచుకుంట ఎనకనే పోయిన. మబ్బా, గిబ్బా? అద్దం కడిగినట్టుంది లోయ. చెట్లు, వాగు, రోడ్డు మీద పోయే బస్సు. "ఏం కనపడుతుంది?" అన్న. "మనమెక్కొచ్చిన రోడ్డు కనపడుతుంది" అన్నడు. మొకమంతా బొగ్గు మసి. ఆ ఒక్కనాడు సుత బాయిలకెల్లి ఎక్కొచ్చినట్టే ఉన్నడు. కూర మట్టుకు బాగుండె. అది చెప్పాలె. పుంజు ఏనుగంత ఉండె.

ఇంటికొచ్చినంక ఆయన తోటి పనోళ్ళు వచ్చి, "ఏం దూలన్నా, మబ్బులు చూసినవా?" అనడిగిన్రు. నేను తలుపెనక నిలబడ్డ. ఇప్పుడు నా పేరు బజార్ల పడుతది అనుకున్న. మీ తాత, "చూసిన. దూది పరిచినట్టున్నయ్. నా చెప్పుల కిందనే" అన్నడు. మీ అమ్మ మాటలే, ఒక్కటి తప్పకుండ. వాళ్ళు అట్లనా అనుకుంట పోయిన్రు. ఆయన లోపలికొచ్చి నా మొకం చూడలే, నేను ఆయన మొకం చూడలే. మళ్ళేడు పోదాం, ఒట్టి చేతులతోటి పోదాం అని చెబుదామనుకున్న. నోట్లె ఉన్న మాట నోట్లెనే ఉండె. ఇంత నోరు పెట్టుకొని, చూడు. వానాకాలంల ఆయనకు కామెర్లయినయ్. దవాఖానాల పద్దెనిమిది దినాలు...

ఏంది అట్ల చూస్తున్నవ్? నీ కండ్లల్ల పొగేం పడలేగా. లే. మీ ఆయనకు చెప్పు, ఐదింటికే బండి తియ్యాలె, ముందట సీట్ల నేను కూసుంట. ఆ గ్యాసుపొయ్యి, గిన్నెలు అన్నీ దించెయ్ కారులకెల్లి. బజార్ల బేకరీ ఇంక మూయలే, జల్దీ పోయి నాలుగు బ్రెడ్డు పాకెట్లు పట్టుకరా.