మూడో లెక్క

చీపురుపల్లి రైల్వేస్టేషను వెనక వీధిలో, హుద్‌హుద్ తుపానుకు రేకులు ఎగిరిపోయిన చోట టార్పాలిన్ కప్పిన రెండు గదుల ఇల్లు. శనివారం మధ్యాహ్నం. ఇంటాయన ఎలీషా ఊరూరా తిరిగి ఆడే కుస్తీ కంపెనీలో ఛాంపియను. ఎండాకాలంలో రింగులో మెడ విరిగింది. అప్పట్నుంచీ లోపలి గదిలో మంచం మీదే ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ధనరాజ్ ఆ రోజు అతని మీదికి దూకినవాడు. ఆ మనిషి మళ్లీ తన గుమ్మం తొక్కుతాడని ప్రిస్కిల్లా కలలో కూడా అనుకోలేదు. సిగ్గులేకపోతే సరి!

“నేదని సెప్పేను కదా. నేదంటే నేదు.”

“నెమ్మదిగా వదినా. అన్న తొంగున్నాడేమో.”

“అన్నంట, అన్న! తొంగోబెట్టినోడివి నువ్వు కాదేటి?”

“నానే.”

“మరి ఏ మొకం ఎట్టుకొచ్చేవు?”

“బెల్టు కోసం వచ్చేను వదినా. సాయంత్రం బొబ్బిల్లో షో ఉన్నాది. అన్న పడిపోయిన కాడి నుంచి ఇదే మొదటి షో. బెల్టు నేకపోతే…”

“ఆ బెల్టు ఇంట్లో నేదు.”

“ఎక్కడున్నాది?”

“పక్కింటి కూర్మమ్మ కాడ ఎట్టేను. బీరువాలో.”

“కూర్మమ్మ పిన్నిని ఇప్పుడే పలకరించొచ్చేను. ఆవిడ ఇంట్లో బీరువాయే నేదు కదా వదినా.”

“అయితే పాస్టరుగారు అట్టుకెల్లేరు. ప్రార్థన సేసి తెస్తానన్నారు.”

“బెల్టుకి ప్రార్థనేటి?”

“సెయ్యకూడదేటి? మడిసికి సేసి సేసి గొంతులు ఎండిపోయేయి. పోనీ, దానికైనా సేస్తారు. ఎల్లు ధనరాజూ, ఎల్లు.”

“జగన్నాధం బాబు స్టేషను కాడ వేనులో కూకున్నారు. నేకుండా రావొద్దన్నారు.”

“ఆయన కంపెనీ, ఆయన బెల్టు. అలాంటప్పుడు ఆయన బీరువాలోనే ఎట్టుకోవాల. మా ఇంట్లో ఎందుకు? పెళ్లైన కాడి నుంచి సూస్తన్నాను. బస్సులో నాకు సీటున్నా నేకపోయినా అది మావ ఒళ్లో ఉండాల. తడిస్తే తనకి తువ్వాలు నేదు, దానికుండాల. ఎందుకొచ్చిన తంటా ఇది?”

“పద్ధతి వదినా. గెలిసినోడి కాడే ఉండాల. ఓనరు బీరువాలో ఎడితే అది ఉత్త సామాను. మైకుసెట్టు, టెంటుగుడ్డ, తాళ్లు, ఆటిలో అదొకటి. గెలిసినోడు ఇంటికట్టుకెల్లాల, టీకొట్టు కాడికి బుజమ్మీద ఏసుకెల్లాల, పిల్లగుంటలొచ్చి ముట్టుకోవాల. అప్పుడు జనం నమ్ముతారు. ఈడి కాడున్నాది, ఎవుడు లాక్కుంటాడో సూద్దారని టిక్కెట్టు కొంటారు.”

“అయితే లాక్కోడానికే వచ్చేవు.”

“లాక్కోను. అడుగుతన్నాను.”

“అంబులెన్సులో ఆ బెల్టు మావ పొట్ట మీద ఎట్టింది నువ్వే కదా?”

“నానే.”

“ఎందుకెట్టేవు మరి?”

“ఆట మధ్యలో ఆగిపోయింది. మూడు లెక్క పడనేదు. రెండు బుజాలూ నేలకానించి మూడు లెక్కెడితేనే ఓడిపోయినట్టు. అన్న ఓడిపోనేదు. అది అన్నదే.”

“ఆ మాట నీ నోటితోనే వచ్చింది. మావదే. ఇంక ఎల్లు.”

“వదినా…”

“కొత్తది సేయించుకోండి. బొబ్బిల్లో కంసాలోళ్లు నేరేటి?”

“జగన్నాధం బాబూ అదే అన్నారు. నానే వొద్దన్నాను. అన్న బతికుండగా కొత్తది సేయించి నడుముకి ఎలగ కట్టుకోను? అన్న నేడని నానే టముకేసినట్టు కాదా? అలగని పాతది నేకపోతే షో ఆపీమంటన్నారు, ఆట ఎట్టించే కమిటీవోళ్లు. ఊరంతా ఆటోలో మైకు తిరుగుతున్నాది. ఈ షో ఆగితే కంపెనీ మూసీడమే. మాతో ఆడే కొండబాబు అప్పుడే విశాపట్నంలో వాచ్‌మేన్‌గా సేరిపోయేడు. మిగిలినోళ్లు కుస్తీ తప్ప ఇంకేటి సెయ్యగలరు?”

“మూసుకోండి! నా ఇల్లు మూతపడితే ఎవుడొచ్చేడు?”

“వదినా, కాళ్లట్టుకుంటాను.”

“నువ్వు నా కాళ్లట్టుకోడం కాదు. ఇలగ రా. ఇంకా ఇవతలికి. లోపలికి ఇనిపించకూడదు. డాక్టరు ఏటన్నాడో తెలుసా నీకు?”

“తెల్దు.”

“ఇంక లెగడన్నాడు.”

“ఎప్పుడికీనా?”

“ఎప్పుడికీ. ఈ గుమ్మంలోనే సెప్పేడు. మావకి సెప్పనేదు నాను. పొద్దున్న కళ్లు తెరిసీసరికి బెల్టు పక్కనెట్టమంటాడు. సేతి ఏళ్లు సరిగ్గా ముడుసుకోవు, అయినా గుడ్డట్టుకుని తుడుస్తాడు. ‘నన్నెవుడూ ఓడించనేదే, లేసెల్లి ఆడతాను సూడు’ అంటాడు. ఆ మాట మీదే రెండు ముద్దలు దిగుతున్నాయి. ఇయ్యాల అది అట్టుకెల్లిపోతే రేపు నోరు తెరవడు. మొగుణ్ని బతికించుకోడానికి నా కాడ ఇంకేటీ నేదు ధనరాజూ. ఆ ఇత్తడి పలకే ఉన్నాది. దండవెడతాను, ఎల్లిపో.”

“ఏడవకు వదినా. ఎల్లిపోతాను. జగన్నాధం బాబుకి ఏదో ఒకటి సెప్తాను.”

“ప్రిస్కిల్లా! ఎవులే అది?”

“ఎవులూ కారు మావా! పాలోడు!”

“మిట్టమజ్జేనం పాలేటే? ఒరే ధనరాజూ, నీ గొంతు నాకు తెల్దేటి? లోపలికి రా.”

లోపలి గది. ఎలీషా మంచం మీద వెల్లకిలా ఉన్నాడు, పొట్ట మీద బెల్టు. ప్రిస్కిల్లా ధనరాజ్‌కీ మంచానికీ మధ్య నిలబడింది.

“రా రా. సూడు, పాస్టరుగారు ఎంత బేగి తెచ్చీసేరో బెల్టు.”

“మావా! ఇన్నావేటి?”

“సిక్కిపోయేవేట్రా ధనరాజూ?”

“నువ్వే సిక్కిపోయేవన్నా.”

“సాయంత్రం ఎవుడితో ఆట?”

“సినబాబుతో.”

“ఆడికి పడ్డం రాదు. గెడ్డం గుండెలకి ఆనించి పడమను. తల ఎనక్కి ఒగ్గీకూడదు.”

“సెప్పేను. రోజూ సెప్తన్నాను.”

“ఇన్నాళ్లూ రానేదేటి నువ్వు?”

“మొకం సెల్లనేదన్నా.”

“ఎలగ సెల్లుతాది? మావా, ఈడితో నీకు మాటలేటి? నాను మొదటి వరసలో కూకున్నాను. ఇన్నేళ్లలో నీ ఆట సూడ్డానికి రావడం అదే మొదలు. నువ్వు ఎల్లకిలా పడున్నావు. ఈడు తాడెక్కేడు. నా పానం ఎగిరిపోయింది. లెగు మావా, లెగు అని గొంతు సిరిగిపోయేలా అరిసేను. నువ్వు లేస్తన్నావు. సగం లేసేవు. లేస్తన్న మడిసి మెడ మీద మోకాళ్లేసి దూకేడు! కళ్లు కనపడనేదేటిరా నీకు?”

“కనపడ్డాయి వదినా.”

“మరి?”

“నాదే తప్పు.”

“ఆస్పత్రిలోనూ అదే మాట, ఇప్పుడూ అదే మాట. తప్పంటే సరిపోద్దా?”

“ప్రిస్కిల్లా, ఆడి తప్పు నేదు.”

“అన్నా, వొద్దు.”

“నువ్వుండ్రా. ప్రిస్కిల్లా, ఒక మాట సెప్తాను. మా వోళ్లు పెళ్లాలక్కూడా సెప్పరు.”

“వొద్దంటన్నాను కదన్నా!”

“ఎవుడు గెలవాలో మేం ముందే అనుకుంటాం. వేనులో కూకుని.”

“అనుకుంటారా? అంటే?”

“అంటే అదే. పడ్డం నిజం, దెబ్బలు నిజం. గెలుపు మాత్రం ముందనుకున్నది.”

“అబద్దం. టీవీలో సూసి ఈదిలోవోళ్లు ఉత్తుత్తి ఆటలంటే, ఆళ్లతో జుట్టూ జుట్టూ పట్టుకున్నాను నాను! నువ్వు గెలిసేవు కదా మావా. బెల్టు గెలిసి తెచ్చేవు కదా.”

“ఇచ్చేరే. నమ్మి ఇచ్చేరు. ఎలీషా బెల్టట్టుకుని ఇంకో కంపెనీకి ఎల్లిపోడు, అడిగిన రోజు రింగులో పడుకుని ఇచ్చీస్తాడు అని. ఆ నమ్మకమ్మీదే ఇంట్లో ఎట్టుకోనిచ్చేరు. ఎవుడికి పడితే ఆడికి ఇవ్వరు. నాకు అదే గెలుపు. ఆ రోజు తిరిగి అడిగేరు. నాను ఓడిపోవాల, ఈడు గెలవాల.”

“ఓడిపోవాలా? నువ్వా?”

“ఈడు తాడు మీద నుంచి దూకితే నాను కదలకుండా పడుండాల. మోకాళ్లు నాకు రెండు పక్కలా పడతాయి. సెయ్యి గుండెల మీద పడతాది. ఒకటి, రెండు, మూడు. సినప్పటి నుంచి సేసిన పనే. ఈడు ఎప్పుడూ గురి తప్పనేదు. ఆ రోజూ తప్పనేదు.”

“మరి నువ్వు లేసేవు కదా.”

“లేసేను.”

“పడుండాలని తెలిసి ఎందుకు లేసేవు మావా?”

“తిమ్మిరెక్కింది.”

“తిమ్మిరా?”

“కాలు తిమ్మిరెక్కింది. గాల్లో ఉన్నోడు ఎలగాగుతాడు? ఏరా ధనరాజూ?”

“అవునన్నా. తిమ్మిరే. తిమ్మిరే వదినా.”

“మరి నువ్వెందుకేడుస్తన్నావు?”

“ఏటీ నేదు వదినా.”

“ఒరే, ఏడుపాపి బెల్టట్టుకో. వేను కాడ ఆయన ఎదురుసూస్తంటాడు.”

“వొద్దు! ముట్టుకుంటే ఊరుకోను! మావా, నువ్వు లేసి ఆడతానన్నావు కదా. అట్టుకెల్లిపోతే ఎలగ ఆడతావు?”

“డాక్టరు గుమ్మంలో సెప్పేడు కదే. నాకు ఇరిగింది మెడ, సెవులు కావు.”

“నీకు తెలుసా?”

“ఆ రోజే తెలుసు.”

“మరి లేసి ఆడతానని రోజూ ఎందుకంటన్నావు?”

“ఆ మాటంటే నువ్వు పొయ్యి ఎలిగిస్తన్నావు. నాకెడుతూ నువ్వూ రెండు ముద్దలు తింటన్నావు. అనకపోతే గోడకి ఆనుకుని అలగే కూకుంటన్నావు. అందుకే అంటన్నాను.”

“అయ్యో, మావా…”

“అట్టుకోరా ధనరాజూ.”

“సేత్తో ఇస్తే తీసుకోనన్నా. రింగులోనే సేతులు మారాలని నాకు నేర్పింది నువ్వే.”

“సేత్తో ఎవుడిస్తన్నాడు? సూడు. నా రెండు బుజాలూ మంచానికి ఆనే ఉన్నాయి. నువ్వు సెయ్యెయ్యి. ఆ రోజు లెక్క మిగిలిపోయింది, ఇయ్యాల పూర్తి సేద్దారి. ప్రిస్కిల్లా, నువ్వు రిఫరీవి. లెక్కెట్టు.”

“నానెట్టను.”

“ఎట్టకపోతే ఈడు తీసుకోడు. షో ఆగిపోతాది. ఆళ్లందరి ఇళ్లల్లోనూ పొయ్యిలు ఆరిపోతాయి. ఇది ఇక్కడే కిలుం పట్టిపోతాది. అడిగిన రోజు ఇస్తానని మాటిచ్చి తెచ్చుకున్నానే. ఓడిపోయినోడిలా ఉండగలను గానీ దొంగలా ఉండలేను.”

“అది ఎల్లిపోతే నీకేటి మిగులుతాది మావా?”

“నువ్వు.”

“అలగనకు.”

“సెయ్యెయ్యరా. గట్టిగా. గాజుబొమ్మననుకున్నావేటి?”

“ఏసేనన్నా.”

“లెక్కెట్టు, ప్రిస్కిల్లా.”

“ఒకటి.”

“ఊఁ.”

“రెండు.”

“ఊఁ. ఇంకొకటే.”

“నా వల్ల కాదు. లెగు మావా! ఒక్కపాలి లెగు! లెగు!”

“వదినా, ఆ మాటనకు! ఆ మాటొక్కటీ అనకు!”

“మొగుణ్ని లెగమంటే తప్పేటిరా? ఎందుకనకూడదు? సెప్పు!”

“నాను సెప్పలేనన్నా. నా వల్ల కాదు.”

“నాను సెప్తాన్లే. ఆ రోజు కాలు తిమ్మిరెక్కనేదు, ప్రిస్కిల్లా. నీ గొంతు ఇనిపించింది, లేసేను. ఈపాలి లెగను. మూడు అను.”