మూడో చాటింపు

పామర్రు దగ్గర ఒక ఊరు, 1978. శనివారం సాయంత్రం. క్యాథలిక్కుల గుడి వరండాలో, ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశి గారి అబ్బాయి బాలశౌరి, గుడిలో పాటలు పాడే అమలమ్మ.

"అది కాదు బాలశౌరీ, రెండు ఆదివారాలు చదివావు కదా, ఒక్కచోటైనా తడబడతావేమోనని చూశాను. ఎక్కడా ఆగలేదు. 'గోళ్ళమూడి లాజరు, తెరేసమ్మల కుమార్తె అమలమ్మకును, హనుమాన్ జంక్షన్ వాస్తవ్యుడు జాన్‌బాబుకును' అంటూ రేడియోలో వార్తల్లా చదివేశావు."

"పెళ్ళి చాటింపు అలాగే చదవాలి అమలా. మా నాన్న నేర్పింది అదే."

"మా అమ్మమ్మ ఏమందో తెలుసా? పెళ్ళికొడుకు మాటేమో గానీ చదివిన కుర్రాడు బాగున్నాడంది."

"పెద్దావిడ... అభిమానం."

"రేపు మూడోది."

"అవును. రేపటితో మూడూ అయిపోతాయి. ఎవరూ అడ్డం చెప్పకపోతే బుధవారం పెళ్ళి."

"పెళ్ళి నాదే, నాకు తెలుసులే. ఏంటి రాస్తున్నావు?"

"రేపటి ప్రకటనలు."

"అందులో నేను ఎన్నోదాన్ని?"

"మూడు. పూజ వేళలు, స్కూలు ఫీజు, తర్వాత నువ్వు. ఆ తర్వాత గొడుగు."

"ఏం గొడుగు?"

"పోయినవారం ఎవరో మర్చిపోయి వెళ్ళారు."

"పోనీలే, గొడుగు కంటే ముందే పెట్టావు. జ్ఞానస్నానం సర్టిఫికెట్టు రాసిచ్చింది కూడా నువ్వేనట?"

"మీ నాన్న అడిగారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజికి అనుకున్నాను. నువ్వు టీచర్ ట్రైనింగు పాసయ్యావు కదా, పుట్టిన తేదీ కోసమేమోనని..."

"పెళ్ళికని తోచలేదా?"

"తోచలేదు."

"చుట్టూ ఎర్రసిరాతో గీతలు కూడా కొట్టావటగా. మా నాన్న పెళ్ళివారందరికీ చూపించి మురిసిపోయాడు. అందరికీ అలాగే కొడతావా?"

"నీ పేరు కదా అని కాస్త..."

"కాస్త?"

"ఏం లేదు. ఆ రోజు తీరిగ్గా ఉన్నాను."

"సరే. ఈ అడ్డం చెప్పటం అంటే ఏంటో చెప్పు. 'ఆటంకములు తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను' అని చదువుతావుగా, ఫాదర్ గారికి చెప్పమని. ఏమేమి ఆటంకాలు?"

"ఎందుకు నీకు?"

"చెప్పవయ్యా, ఉపదేశి గారి అబ్బాయివేగా."

"దగ్గరి చుట్టరికం."

"లేదు."

"ఇదివరకే పెళ్ళయి ఉండటం."

"నాకా?"

"అతనికి."

"లేదు. విచారించారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని, ఒక స్కూటరు. అంతే."

"స్కూటరుందా?"

"ఉంది. ఇంకా?"

"బలవంతపు పెళ్ళి. నిన్నెవరైనా బలవంతం చేస్తే..."

"చెయ్యలేదు. మా నాన్న అడిగాడు, తలూపాను."

"ఎందుకు ఊపావు?"

"ఇంకెవరూ అడగలేదు గనక. రాయి, రాయి. ఆగావేం? గొడుగు సంగతి రాయి."

"అమలా, తుఫానప్పుడు అవనిగడ్డ లారీలో బట్టలు పంచటానికి వెళ్ళాం, గుర్తుందా?"

"కాబిన్‌లో చోటు నాకిచ్చి, వెనకాల వానలో నిలబడి వచ్చావు. పదిరోజులు జ్వరం. ఎందుకిచ్చావని అడిగితే 'ఫాదర్ గారు చెప్పారు' అన్నావు."

"ఫాదర్ గారు చెప్పలేదు."

"తెలుసు. ఆయన్నే అడిగాను."

"అడిగావా!"

"ఏడాదయింది. నువ్వేమన్నా చెప్తావేమోనని చూస్తున్నాను. నాకు కాదు, ఎవరికైనా సరే. నువ్వు ఎవరికీ చెప్పే రకం కాదు."

"చెప్పాను."

"ఎవరికి?"

"పాపసంకీర్తనంలో, ఫాదర్ గారికి."

"నా గురించా?"

"పూజలో నీ వైపు చూస్తున్నానని. మనసు జపం మీద నిలవటం లేదని."

"ఫాదర్ గారేమన్నారు?"

"ఒక జపమాల చెప్పుకోమన్నారు."

"ఒక్కసారేనా చెప్పావు?"

"ప్రతి శనివారం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా! నూటయాభై జపమాలలు! అంత ఓపిక ఉన్నవాడివి నాకొక్క మాట చెప్పలేకపోయావా? ఫాదర్ గారికి తెలుసు, మరియమ్మ తల్లికి తెలుసు, పరలోకంలో అందరికీ తెలుసు. ఆ పక్కన నిలబడి పాడేదానికే తెలియదు!"

"నాకు ఉద్యోగం లేదు కదా. వచ్చాక చెబుదామని..."

"ఈలోగా నా పెళ్ళి నువ్వే చాటింపు వేశావు."

"ముందు తెలిస్తే నాకు ఒంట్లో బాలేదని చెప్పి నాన్నచేత చదివించేవాణ్ణి. ఆ కాగితం ఫాదర్ గారు పూజకు ముందే చేతికిచ్చారు. అప్పుడే నీ పేరు చూశాను. బల్ల గట్టిగా పట్టుకుని చదివేశాను. అందుకే ఎక్కడా ఆగలేదు. ఆగితే ఏడ్చేవాణ్ణి. నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవట్లేదు. రెండో ఆదివారం సంగతో మరి?"

"రెండో ఆదివారానికి అలవాటు చేసుకుందామని చూశాను. కుదర్లేదు."

"రేపు?"

"రేపు చదవను."

"చదవకపోతే మీ నాన్న చదువుతాడు. చాటింపు ఆగదు, పెళ్ళీ ఆగదు. నువ్వు చదవకపోవటం ఏం ఆటంకం?"

"అయితే ఫాదర్ గారికి చెప్తాను."

"ఏమని? ఇంకో జపమాల ఇస్తారు."

"నాకిష్టమని. నిన్ను చేసుకుంటానని. ఉద్యోగం లేదని కూడా చెప్తాను. నీకిష్టమో కాదో అడగలేదు కదూ... అడుగుతున్నాను. ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోతే శనివారం సాయంత్రం ఇంతసేపు గొడుగు గురించి మాట్లాడతానా?"

"సరే. రేపు పూజ అయ్యాక..."

"రేపు!"

"ఇవాళే. కాస్త చీకటి పడనీ, ఫాదర్ గారు భోంచేశాక..."

"బాలశౌరీ!"

"ఇప్పుడే, ఇప్పుడే వెళ్తున్నాను. కానీ మీ నాన్నకి ఎవరు చెప్తారు? ఆయన ముందు నాకు మాట రాదు."

"మా నాన్నకి పొద్దున్నే ఫాదర్ గారి ఎదుటే చెప్పేశాను, బాలశౌరిని తప్ప చేసుకోనని. నువ్వు కాదంటే నా బతుకేమవుతుందా అని పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు. లే, ఇద్దరూ లోపల నీకోసమే కూర్చున్నారు."