మేనమామ బట్టలు

ముందు ఈ బట్టలు పుచ్చుకోండమ్మా. తిట్టదలుచుకుంటే తరవాత తిడుదురుగాని. రావులపాలెంలో బస్సెక్కిన దగ్గర్నించీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానండి, ఎవరిదో చంటిపిల్లని తీసుకొస్తున్నట్టు. మడత కూడా విప్పలేదు. చూసుకోండి, అంచుకి మీరు పెట్టిన పసుపు అలాగే ఉంది.

అలా చూస్తారేంటండీ? పోల్చుకోలేదా? పెళ్ళినాడు పట్టుకండువా, గంధం, సెంటూ... ఇవాళ ఈ గళ్ళచొక్కాలో తెలీలేదేమో. నేనేనండి, అచ్చిబాబుని. క్యాటరింగు వెంకన్నబాబు గారి మనిషిని. మొన్న మీ శ్రీసుధమ్మ పెళ్ళిలో మేనమామనని చెప్పుకున్న వెధవని.

వద్దండి, కుర్చీ వద్దు. ఈ అరుగు చాలు. పందిరి ఇంకా విప్పించలేదేంటండీ, కొబ్బరాకులు ఎండిపోయి రాలుతున్నాయి? సరే, అడగడానికి నేనెవర్ని? అదిగో, అదే నా రోగం. ఎవరింటికెళ్ళినా ఇంట్లోవాడిలా మాట్లాడేస్తాను.

మీతో వెంకన్నబాబు గారు 'మర్యాదకి ఓ మనిషిని పంపిస్తాను' అని ఒక్క ముక్కలో చెప్పుంటారు. అదండి నా పని. ఈ మధ్య పెళ్ళిళ్ళలో వడ్డనంతా యూనిఫారం కుర్రాళ్ళే కదా. వేసుకుంటూ పోతారు గానీ, 'ఇంకాస్త' అనే నోరుండదు. మన గోదావరి వైపు ఆ మాట లేకపోతే పంచభక్ష్యాలు పెట్టినా తిన్నట్టుండదు. చెయ్యి కడుక్కుని బయటికొచ్చి 'పెట్టార్లెండి, ఏదో పెట్టారు' అంటారు. అందుకని ఆయనకి ఈ ఆలోచనొచ్చింది. నాకు తెల్లపంచె కట్టించి, కండువా వేయించి, బంతుల మధ్య తిప్పుతారు. పెళ్ళివారి చుట్టంలా నవ్వుతూ తిరగాలి. 'బాబాయిగారూ, బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకోకుండా లేస్తే నా మీద ఒట్టే' అనాలి.

ఎవరైనా నువ్వెవరని అడిగితే, అమ్మాయికి బాబాయి వరస అని చెప్పాలి. మేనమామనని మాత్రం చచ్చినా అనకూడదు. బాబాయిలు ఎంతమందున్నా ఎవరూ లెక్కపెట్టరండి. మేనమామకైతే పీటల దగ్గర పనుంటుంది. ఇది వెంకన్నబాబు గారు మొదటిరోజే చెప్పిన మాట.

అంతకుముందు నేను తునిలో సినిమా హాల్లో ఉండేవాణ్ణి. టార్చిలైటు వేసి సీట్లు చూపించే పని. తెరమీద ఎవరు చచ్చినా నాకు పట్టేది కాదు, జనం మొహాలే చూసేవాణ్ణి. ఏ సీనుకి ఎవరు ముక్కు చీదుతారో, ఎక్కడ ఈల పడుతుందో ముందే తెలుసు. నా అనేవాళ్ళు లేరు. ఉంటే బాగుండునని కూడా అనుకోలేదండి. హాలు మూసేశాక ఇందులోకొచ్చాను. ఇదీ అంతే అనుకున్నా. పైకి నవ్వు, లోపల టార్చిలైటు.

తినేటప్పుడు మనిషి దొరికిపోతాడండీ. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి 'చాలు చాలు' అంటారు చూశారా? ఆ చెయ్యిని నమ్మకూడదు. కళ్ళు చూడాలి. కళ్ళు గరిటె మీదుంటే వేసెయ్యాలి. విస్తరి మీదుంటే నిజంగానే చాలినట్టు. ఇలాంటివి కనిపెట్టి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పేరు పెట్టుకునేవాణ్ణి. చెప్పుకుంటే సిగ్గుచేటు. అంత ప్రేమగా వంగి వడ్డించేవాడి మనసులో ఆ మాటలున్నాయని తెలిస్తే, ఎవడైనా ముద్ద మింగుతాడాండీ?

తరవాత ఎక్కడ తేడా వచ్చిందో నాకే తెలీదు. మండపేటలో ఓ పెళ్ళికి ఒక ముసలావిడ వచ్చింది. నోట్లో పన్ను లేదు. బూరె చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి విస్తరి చివర పెట్టేసింది. నేను వంటశాలలోకెళ్ళి గిన్నెలో పాలు పట్టుకొచ్చి, అందులో బూరె చిదిపి, ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాను. అవతల రెండు బంతులు 'మర్యాద' లేకుండానే లేచిపోయాయి. వెంకన్నబాబు గారు చెడ తిట్టారు. 'నిన్ను నవ్వమన్నానురా, ప్రేమించమన్నానా' అన్నారు.

ఆయన అన్నది నిజమేనండి. పనివాడికి ఇష్టం పుట్టిందంటే పని చెడుతుంది. ఆ సాయంత్రం గదికొచ్చాక కూడా, ఆవిడ గిన్నె ఖాళీ చేసిందో లేదో అని ఒకటే ఆలోచన. అప్పుడే భయం వేసింది. ఎవరో అమ్మమ్మండి, నాకేంటి?

మీ ఇంటి సంగతికే వస్తున్నాను, కంగారుపడకండి.

పెళ్ళినాడు పొద్దున్న వంటశాల దగ్గర కాఫీ గ్లాసులు పంపిస్తున్నాను. మంగళస్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని అమ్మాయి పెరట్లోంచి వెళ్తోంది. వెళ్తున్నదల్లా ఆగి, 'మీరు టిఫిను చేశారాండీ?' అంది నాతో. 'అయిందమ్మా' అన్నాను. అవలేదు. కానీ ఎవరూ అడగరండి, వడ్డించేవాణ్ణి. ఇన్ని పెళ్ళిళ్ళు తిరిగాను, ఒక్కరూ అడగలేదు. అడుగుతారని నాకూ తోచలేదు.

ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే కాకినాడ మగపెళ్ళివారి టిఫిను బంతి మొదలైంది. మీ వియ్యంకుడు గారు పెసరట్టు తుంచుతూ, 'ఇంత ఆప్యాయంగా చూస్తున్నారు, మీరు అమ్మాయికి ఏమవుతారండీ' అన్నారు. బాబాయి వరసనని చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పిన మాటో. నోరు తెరిచేసరికి 'మేనమామనండి' అని వచ్చింది.

నిజం చెబుతున్నానమ్మా, అనుకుని అనలేదు. ఊరుకున్నానా? 'ఈ చేతుల్తోనే ఎత్తుకు పెంచానండి' అని కూడా అన్నాను. ఆయన చాలా సంతోషించారు. 'మేనమామ పోయారని విన్నాం, ఇంకొకరున్నారన్నమాట, ఇంటికి మంచిదే' అన్నారు.

అప్పుడు తలెత్తి చూశానండి. గుమ్మం మీద మీ తమ్ముడు సూర్యప్రకాశం గారి ఫోటో. దానికి చామంతుల దండ. ఆ ఫోటో కిందే నిలబడి కూశానన్నమాట ఆ కూత.

అప్పుడైనా లెంపలేసుకుని నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. చెంబు పట్టుకుని పక్క విస్తరికి వెళ్ళిపోయాను, నవ్వుతూ.

పదకొండు గంటల ముహూర్తం. గంపలో బియ్యం పోసి అమ్మాయిని కూర్చోబెట్టారు. మీ పినతండ్రిగారబ్బాయి ఎత్తడానికి నడుం బిగించారు. ఇంతలో మీ వియ్యంకుడు గారు పందిరంతా వినపడేలాగ, సొంత మేనమామ వడ్డన దగ్గరుంటే ఇంకొకరు ఎత్తడమేంటని, నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. మీ చుట్టాలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పురోహితుడు గారు మంత్రం ఆపేశారు.

మీరు నా వంక చూశారు.

'ఇతను వంటవాళ్ళ మనిషండి' అని ఒక్క మాట అంటే అయిపోయేది. నన్ను తన్ని పంపేసేవారు, నాకదే బాగుండేది. కానీ మీరేమనుకున్నారో నాకు తెలుసు. అలా అంటే కాకినాడవాళ్ళు, చుట్టరికాన్ని కూడా అద్దెకి తెచ్చుకున్నారని నవ్వుతారు. పిల్ల అత్తారింట్లో కాలు పెట్టకముందే ఆ మాట వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. మీరు తల దించుకున్నారు. పైన ఫోటో వైపు చూడకుండా, 'రా తమ్ముడూ' అన్నారు.

ఆ మాట మీచేత అనిపించానమ్మా. పోయిన తమ్ముణ్ణి పిలిచే పిలుపుతో నన్ను పిలిపించుకున్నాను. ఇంకేం చేస్తే ఇంత పాపం వస్తుందండీ?

గంప ఒక పక్క నేను పట్టుకున్నాను, ఇంకో పక్క మీ పినతండ్రిగారబ్బాయి. నా చేతులు వణుకుతున్నాయి. అమ్మాయి తల వంచుకునే, నాకొక్కడికే వినపడేలాగ, 'మావయ్యా, పడేయకండేం' అంది.

పీటల దగ్గర దింపానో లేదో, ఏడుపొచ్చేసింది. ఏడవడం నా పనిలో లేదండీ. నవ్వుకే పెట్టుకున్నారు నన్ను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ముత్తయిదువలు ఓదార్చారు. మీ వియ్యంకుడు గారు భుజం తట్టి, మేనమామంటే అలా ఉండాలన్నారు. మీరొచ్చి ఈ బట్టలు చేతిలో పెట్టారు. నా మొహం కూడా చూడలేదు. మగపెళ్ళివారు పెద్ద బంతిలో నా కోసం విస్తరి వేయించారు గానీ, నేను కొబ్బరితోట వెనకనుంచి వెళ్ళిపోయాను.

వెంకన్నబాబు గారేమన్నారో తెలుసాండీ? పగలబడి నవ్వారు. 'అదరగొట్టావురా. ఇకనుంచి మేనమామని కూడా మనమే సప్లయి చేద్దాం, అదొక ఐటమ్' అన్నారు. కళ్ళనీళ్ళకి వేరే రేటంట. ఆయన తప్పేముందిలెండి, ఆయన వ్యాపారం ఆయనది. నేనే ఆ పంచె విప్పి ఆయన వ్యానులో పడేసి వచ్చేశాను. ఇక ఆ పనికి వెళ్ళను.

ఇప్పుడెందుకొచ్చానంటే, శనివారం కాకినాడవాళ్ళు అమ్మాయినీ అల్లుణ్ణీ తీసుకొస్తున్నారంట కదా. మావయ్యేడీ అని అడుగుతారు. మీరేం చెబుతారు? ఒక అబద్ధానికి పది కావాలి. అందుకని నేనే కాకినాడ వెళ్ళి మీ వియ్యంకుడు గారి కాళ్ళమీద పడతాను. నేను వంటవాళ్ళ మనిషినండి, వాగుడుకాయని, ఆవిడకేమీ తెలీదండి, నలుగుర్లో పరువు పోతుందని నోరు మూసుకున్నారండి అని చెప్పేస్తాను. తంతే తన్నించుకుంటాను. మీరు ఊఁ అంటే ఈ బస్సుకే వెళ్తాను.

ఊఁ అనరేంటండీ?

అదేంటి, లోపలికెళ్ళిపోతున్నారు? సరే... సరేలెండి. నా మొహం చూడాలనిపించదు. తప్పులేదు. బట్టలు ఈ అరుగు మీద పెట్టి వెళ్తాను. కోడి తొక్కకుండా చూసుకోండమ్మా.

ఏంటండీ ఇది? అరిటాకు ఎందుకు? అయ్యో, వద్దండి. నేను తినడానికి రాలేదు. కూర్చోవడమేంటండీ, అలా చెయ్యి చూపిస్తారు...

ఏంటీ?

అమ్మాయికి తెలుసా? ఎప్పట్నించి? ఆ పొద్దున్నే తెలుసా, నేను వంటవాళ్ళ మనిషినని? ఆఁ, అవును, వంటశాల దగ్గరే కదా చూసింది. మరి తెలిసీ గంపలో... తెలిసే 'మావయ్యా' అందా?

అత్తారింట్లో ఎవరైనా అడిగితే మా మావయ్యేనని తను చెప్పుకుంటానందా? శనివారం నన్ను... నన్ను రమ్మనమందా?

ఒక్క నిమిషం ఉండండి.

ఇంత సిగ్గు నా జన్మలో పడలేదండీ. నేను ఆ పిల్లని మోసం చేశాననుకుని నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాను. ఆ పిల్లేమో వణికే చేతులు చూసి నాకు ధైర్యం చెప్పిందన్నమాట. నలుగురి మొహాలూ చదువుతాననుకునేవాణ్ణి, గంపలో కూర్చున్న పిల్ల మొహం చదవలేకపోయాను. వంకాయంత బుర్రండి నాది.

పప్పు చాలమ్మా. నెయ్యి అంతెందుకు? ఇది పనసపొట్టు కూర కదూ? పెళ్ళినాటి దానికంటే మీదే బాగుంది. అన్నం వద్దు, నిజంగా వద్దు. కడుపు నిండిపోయింది. చాలండి, చాలు. ఒట్టు.

అయ్యో, చెయ్యి అడ్డం పెట్టేశాను చూశారా. వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారేంటి గరిటె?

ఆ చెయ్యిని నమ్మకండక్కయ్యా. నా కళ్ళు ఎక్కడున్నాయో చూడండి.